గోదావరి మీద బోటు ప్రయాణం: పాపికొండలు, దిండి, కోరంగి వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

గోదావరి జిల్లాల్లో బోటు షికారు అంటే ఒక్కటి కాదు. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే పాపికొండల లాంచీ ప్రయాణం ఒకటి. కోనసీమలో దిండి దగ్గర వశిష్ట పాయ మీద హౌస్‌బోటులో రాత్రి బస ఇంకొకటి. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో కోరంగి మడ అడవుల్లో చిన్న బోటు మీద తిరగడం మరొకటి. ఇవి కాక, షికారు కాకపోయినా కొత్తవాళ్లు సరదాగా ఎక్కే పంట్లు (మనుషులనూ బళ్లనూ ఏరు దాటించే బల్లకట్లు) ఉన్నాయి: సఖినేటిపల్లి–నరసాపురం, కోటిపల్లి–ముక్తేశ్వరం.

నాలుగు చోట్లా ఉన్నది గోదావరే గానీ నీళ్ల తీరు వేరు. కొండల మధ్య వడి, లోతు ఎక్కువ. దిండి దగ్గర నీరు నిలకడగా కనిపిస్తుంది గానీ సముద్రపు పోటు అక్కడిదాకా వస్తుంది. కోరంగిలో పాటుపోట్లు (సముద్రపు నీరు దిగడం, ఎక్కడం) చూసుకోకపోతే బోటు బురదలో కూరుకుపోతుంది. ఒకచోట సరిపోయిన జాగ్రత్త ఇంకోచోట చాలదు.

ఒక్క మాట మాత్రం అన్నిటికీ వర్తిస్తుంది. రేవులో ఎక్కుడు బల్ల తీసేదాకానే నిర్ణయం మీ చేతిలో ఉంటుంది. అందుకే కింద రాసినదాంట్లో చాలా భాగం ఒడ్డున చేయాల్సిన పనుల గురించే.

మొదటి పని: తేదీ కంటే ముందు నీళ్లు చూసుకోండి

పాపికొండలకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. జూలై నుంచి వరదలు తగ్గేదాకా విహారం సాధారణంగా ఆపేస్తారు. బోట్లు బయలుదేరే రేవు దగ్గరి గండి పోచమ్మ గుడిలోకి వరద నీరు చేరిందని వార్త వచ్చిందంటే ఆ సీజనుకు కొన్నాళ్లు బోట్లు లేనట్టే. ఏప్రిల్, మే నెలల్లో ఎండ సంగతి అందరికీ తెలుసు, కానీ అంతకంటే భయపడాల్సింది సాయంత్రం పూట హఠాత్తుగా లేచే ఈదురుగాలికి. మధ్యాహ్నం మూడు దాటాక పడమట మబ్బు నల్లబడితే లాంచీని ఒడ్డుకు చేర్చి కట్టేయడమే సరైన పని. అలా ఆపిన సరంగు (బోటు నడిపేవాడు) మీద ఆలస్యమైందని కేకలు వేయకండి.

వరద సంగతి తెలుసుకోవడానికి రెండు కొలతలు గుర్తుపెట్టుకోండి. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర 11.75 అడుగుల నీటిమట్టం, 10 లక్షల క్యూసెక్కుల ప్రవాహం ఉంటే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. భద్రాచలం దగ్గర అవే హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు ఇస్తారు. భద్రాచలంలో నీరు పెరుగుతోందంటే ఆ నీరు పాపికొండల మీదుగానే కిందికి రావాలి. క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మొదటి హెచ్చరిక లేదు కదా, వెళ్లొచ్చు అనుకుంటారు. ఆ హెచ్చరికలు ఏటిగట్లకు, లంక గ్రామాలకు ముప్పు చెప్పడానికి పెట్టినవి, విహార బోట్ల కోసం కాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలోని కచ్చులూరు దగ్గర బోటు మునిగి యాభై మంది దాకా ప్రాణాలు పోయిన రోజు నదిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు, అంటే మొదటి హెచ్చరికలో సగం. రెండొందల అడుగులకు పైగా లోతున పడిన ఆ బోటును అక్టోబరు 22న గానీ బయటికి తీయలేకపోయారు. ధవళేశ్వరం దగ్గర విశాలంగా పరుచుకునే నీరే కొండల మధ్య సన్నని సందులోంచి పోవాలి. వెడల్పు తగ్గితే లోతూ వడీ పెరుగుతాయి, మలుపు దగ్గర సుడులు లేస్తాయి. నీళ్లు ఎర్రగా ఉండి, దుంగలూ చెత్తా కొట్టుకొస్తుంటే అంకెలు చూడాల్సిన పని కూడా లేదు, ప్రయాణం మానుకోండి.

కార్తీక మాసం ఆదివారాలు, సంక్రాంతి సెలవులు తప్పించగలిగితే తప్పించండి. రద్దీ రోజునే బోటు నిండా ఎక్కించాలన్న తొందర, లైఫ్ జాకెట్లు చాలకపోవడం, బయలుదేరడంలో ఆలస్యం అన్నీ కలిసి వస్తాయి. మంగళ, బుధ వారాల్లో అదే కొండ, అదే నది ప్రశాంతంగా కనిపిస్తాయి.

రెండో పని: టికెట్ కొనేటప్పుడు అడగాల్సినవి

పోలవరం దగ్గర కాఫర్ డ్యాం (నదికి అడ్డంగా వేసిన తాత్కాలిక కట్ట) కట్టాక రాజమండ్రి, పట్టిసీమ రేవుల నుంచి నేరుగా కొండల్లోకి బోటు వెళ్లే దారి మూసుకుపోయింది. ఇప్పుడు రాజమండ్రి నుంచి బస్సులోనో కారులోనో గండి పోచమ్మ దగ్గరికి వెళ్లి అక్కడ బోటు ఎక్కాలి. రోడ్డున గంటన్నర దాకా వేసుకోండి. భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్లు పోచవరంలో ఎక్కుతారు. టికెట్‌లో ఈ రోడ్డు ప్రయాణం కలిసి ఉందా లేదా అన్నది మొదట తేల్చుకోండి. రేవు దగ్గర జరిగే తగాదాల్లో ఎక్కువ భాగం దీని గురించే.

తర్వాత ఇవి అడగండి. బోటులో ఎంతమందికి అనుమతి ఉంది, ఆరోజు ఎంతమందికి టికెట్లు ఇచ్చారు? ఎక్కే ప్రతి ఒక్కరి పేరు, వయసు, ఫోను నంబరు రాసుకుంటారా? పిల్లల సైజు జాకెట్లు ఉన్నాయా? టిఫిను, భోజనం, సాయంత్రం టీ టికెట్‌లో కలిపే ఉన్నాయా? ప్రవాహం పెరిగి ప్రయాణం రద్దయితే డబ్బు వెనక్కి ఇస్తారా, ఇంకో తేదీ ఇస్తారా? చివరి ప్రశ్నకు జవాబు రసీదు మీద రాయించుకోండి. రద్దయితే డబ్బు పోతుందన్న భయం ఉన్నవాళ్లే నీళ్లు బాగోలేని రోజున కూడా వెళ్దామని పట్టుబడతారు.

పేర్ల జాబితా గురించి విసుక్కోకండి. ఆధార్ చూపించమంటే చూపించండి. ఏదైనా జరిగితే బోటులో ఎంతమంది ఉన్నారో, ఎవరి కోసం వెతకాలో చెప్పగలిగేది ఆ కాగితమే. టికెట్ లేకుండా ఒడిలో కూర్చున్న పసిపిల్ల పేరు కూడా అందులో ఉండాలి.

మూడో పని: సంచి సర్దుకోవడం

తక్కువ తీసుకెళ్లండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, గాలికి ఎగిరిపోకుండా గడ్డం కింద తాడున్న టోపీ, ఒక జత పొడి బట్టలు, ఫోనుకు జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచి, పవర్ బ్యాంకు, చిల్లర నోట్లు. కొండల మధ్య ఫోను సిగ్నలు అందదు, కాబట్టి ఫోనుతో చెల్లించే ధీమాతో వెళ్లకండి. ఇంట్లోవాళ్లకు ఏ బోటు, ఏ రేవు, ఎన్నింటికి తిరిగొస్తారో ముందే మెసేజ్ పెట్టండి. పైన ఎంత నీడ ఉన్నా నీటి మీద పడిన ఎండ కింది నుంచి మొహానికి కొడుతుంది. చలికాలంలోనూ పిల్లల బుగ్గలు కందిపోతాయి.

మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. ఎక్కుడు బల్ల మీద తడి పాదాలతో జారేది ఎక్కువగా హవాయి చెప్పులూ ఎత్తు మడమలే. ఆడవాళ్లకు చుడీదారు చీర కంటే సుఖం. చీరే కట్టుకుంటే పమిట బిగించి బొడ్లో దోపి, దాని మీద లైఫ్ జాకెట్ వేసుకోవాలి. జాకెట్ మీద పమిట కప్పుకుంటే నీళ్లలో పమిట మొహానికి చుట్టుకుంటుంది.

పాపికొండలు 2008 నుంచి జాతీయ ఉద్యానవనం. తీసుకెళ్లిన ప్లాస్టిక్ కవరు, సీసా, చిప్స్ పొట్లం మళ్లీ మీ సంచిలోనే ఇంటికి రావాలి. దారిలో బోటు ఆగే పేరంటపల్లి మెట్ల పక్కన వాగులో ఇరుక్కున్న బిస్కెట్ కవర్లు చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఇంత దూరం వచ్చి చూసేది ఆ అడవినే కదా.

నాలుగో పని: రేవులో బోటును చూడటం

ఎక్కేముందు ఐదు నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి.

బోటు తిన్నగా నిలబడిందా, ఒక పక్కకు ఒరిగిందా? జనం సగం ఎక్కకముందే ఒరిగి ఉంటే అడుగున నీళ్లు చేరి ఉండొచ్చు, లేదా బరువు సరిగా సర్దలేదు. అడుగున చేరిన నీరు చాలా ప్రమాదం. బోటు ఎటు వంగితే నీరంతా అటే జారి ఇంకా వంచుతుంది. పక్కనుంచి సన్నగా నీళ్లు చిమ్ముతుంటే మాత్రం కంగారు పడకండి, ఇంజను నడుస్తున్నప్పుడు దాన్ని చల్లబరిచిన నీరు అలా బయటికి వస్తుంది. ఇంజను ఆగి ఉన్నా పంపు ఆగకుండా నీళ్లు తోడుతుంటే, ఎందుకని అడగండి.

బోటు పక్కన బరువు గీత గీసి ఉంటే అది నీటికి పైన కనిపించాలి. ఎంతమందికి అనుమతో కంటపడేలా రాసి ఉండాలి, పై డెక్కుకు విడిగా, కింది డెక్కుకు విడిగా ఉంటే మరీ మంచిది. దేశీయ జలమార్గాల నౌకలకు 2021లో వచ్చిన కొత్త చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్, తనిఖీ పత్రం, నడిపేవారికి యోగ్యతా పత్రం ఉండాలి. వాటి నకళ్లు లోపల తగిలించి ఉన్నాయేమో చూడండి. తనిఖీ పత్రం గడువు తేదీ చదవండి. కచ్చులూరు ప్రమాదం తర్వాత ముఖ్యమైన రేవుల్లో కంట్రోల్ రూములు పెట్టారు. గండి పోచమ్మ, పేరంటపల్లి, పోచవరం అందులో ఉన్నాయి. అనుమానం వస్తే అక్కడ అడగండి. సరంగు దగ్గర మందు వాసన వచ్చినా అక్కడే చెప్పండి.

లోపలికి వెళ్లాక బయటికి దారులు లెక్కపెట్టండి. కింది ఏసీ గదిలో అద్దాలు తెరుచుకునేవేనా? బిగించేసినవైతే, వాన జల్లుకు తలుపులు కూడా మూసేస్తే, ఆ గది నీళ్లలో పెట్టెలా మారుతుంది. అలాంటి బోటులో పసిపిల్లలతో, పెద్దవాళ్లతో కింద కూర్చోవద్దు, కూర్చోక తప్పకపోతే తలుపు పక్కన కూర్చోండి.

ఇందులో రెండు మూడు తేడాగా ఉంటే ఎక్కకండి. టికెట్ డబ్బు పోయినా సరే.

ఐదో పని: లైఫ్ జాకెట్ చేతిలోకి తీసుకుని చూడండి

జాకెట్ ఇవ్వగానే తొడుక్కోకుండా ముందు చేత్తో నొక్కండి. మంచి ఫోము నొక్కి వదిలితే వెంటనే పైకి లేస్తుంది. పాతది నొక్కినచోట గుంటగా ఉండిపోతుంది. చేతిలో బరువుగా, చెమ్మగా అనిపిస్తే ఫోము నీళ్లు తాగిందన్నమాట. పట్టీని రెండు చేతులతో గట్టిగా లాగండి. ఎండకు వెలిసి తెల్లబారిన పట్టీ కుట్టు దగ్గర చిటుక్కుమంటుంది. బకిల్ మూడుసార్లు పెట్టి తీయండి. రెండు నాలికల్లో ఒకటి విరిగినా టక్కుమని పడినట్టే ఉంటుంది, లాగితే ఊడిపోతుంది. అలాంటిది ఇస్తే మార్చమనండి, మొహమాటం వద్దు.

లోపలి చీటీలో ఎంత బరువున్న మనిషికో, ఎంత తేల్చే శక్తి ఉందో (న్యూటన్లలో) రాసి ఉంటుంది. 50 న్యూటన్లది ఈత వచ్చినవాళ్లకు సాయంగా మాత్రమే పనికొస్తుంది. ఈత రానివారికి కనీసం 100 న్యూటన్లది కావాలి, అందులో తల వెనక మెత్త ఉంటే ఇంకా మంచిది.

తొడుక్కునేటప్పుడు కింది పట్టీ మొదట, తర్వాత పైది బిగించండి. ఇప్పుడు పక్కవారిని రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వస్తే వదులుగా ఉన్నట్టే, నీళ్లలో అది మీ మీంచి జారిపోతుంది. పిల్లలకు తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పనిసరి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లలకు తొడిగి తాడు చుడితే కుదరదు. చంటిపిల్లల సైజు చాలా బోట్లలో ఉండదు. వాళ్లను తీసుకెళ్లేవారు ముందే కొనుక్కోవాలి, లేదా ఆ ఏడాదికి ప్రయాణం వాయిదా వేసుకోవాలి. పాపను కొంగుతో ఒంటికి కట్టుకోవడం, తల్లి జాకెట్ లోపల దాచుకోవడం ఇద్దరికీ ప్రమాదమే.

జాకెట్ ఎప్పుడు విప్పుతారు? ఫొటోకు, భోజనానికి, ఉక్కపోతకు. ఈ మూడింటికీ విప్పకండి. ఉక్కగా ఉంటే లోపల పల్చటి నూలు చొక్కా వేసుకోండి. దిగాకే విప్పాలి.

బోటు కదిలాక

డీజిలు వాసన, ఇంజను మోత వెనక ఎక్కువ. ఊగడం తక్కువ తెలిసేది మధ్యలో. కాబట్టి కడుపులో తిప్పే అలవాటున్నవారికి మధ్య భాగంలో, కొంచెం ముందుకు, గాలి తగిలే సీటు మంచిది. తిరుగు ప్రయాణంలో పొద్దు పడమటికి వాలుతుంది, దిగువకు వెళ్తుంటే ఎండ ఎక్కువ సేపు కుడివైపు నుంచి వస్తుంది. ఎగువకు వెళ్లేటప్పుడు ప్రవాహానికి ఎదురు కాబట్టి సమయం ఎక్కువ పడుతుంది, వచ్చేటప్పుడు త్వరగా వచ్చేస్తారు.

కొండల సందు రాగానే జనమంతా ఒకే కమ్మీ దగ్గరికి ఉరకడం, పై డెక్కు మీదికి ఎక్కేయడం మామూలే. రెండూ బోటును పడదోసే పనులే. బరువు పైకి చేరేకొద్దీ బోటు నిలకడ తగ్గుతుంది, పైగా అంతా ఒక పక్కకు చేరితే ఆ సమయంలో చుక్కాని తిప్పినా, సుడి తగిలినా మళ్లీ నిలదొక్కుకోవడం కష్టం. కొండలు రెండు వైపులా ఉన్నాయి, కూర్చున్నచోటి నుంచీ కనిపిస్తాయి. డెక్కు మీద డాన్సులు పెట్టే బోట్లలో పాట మధ్యలో అందరూ ఒక్కసారి గెంతడం చూస్తే, మీ పిల్లలను పక్కకు పిలుచుకోండి.

భోజనం చాలా బోట్లలో శాకాహారమే, మధ్యాహ్నం ఒకటిన్నర, రెండు అవుతుంది. సుగరు ఉన్నవాళ్లు ఈ ఆలస్యానికి సిద్ధంగా రావాలి. మధ్యలో తినడానికి మరమరాలో బిస్కెట్లో, చెమటలు పట్టి వణుకు వస్తే వెంటనే వేసుకోవడానికి మూడు చెంచాల పంచదారో గ్లూకోజో జేబులోనే ఉండాలి, సంచి అడుగున కాదు. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ అంతే తీసుకోవాలి. మరుగుదొడ్డి ఒకటో రెండో ఉంటాయి. దానికి భయపడి నీళ్లు తాగడం మానేసే పెద్దవాళ్లు సాయంత్రానికి కళ్లు తిరిగి పడతారు. భోజనానికి అరగంట ముందు వరుస ఉండదు, అప్పుడు వెళ్లిరండి. గుండెజబ్బుకు ఇటీవల చికిత్స అయినవారు డాక్టరును అడిగి రావాలి. కొండల మధ్య నుంచి ఆసుపత్రికి చేరడానికి గంటలు పడుతుంది.

దిగేచోట: మెట్లు, ఇసుక

పేరంటపల్లిలో శ్రీరామకృష్ణ మునివాటం, శివాలయం చూడటానికి దిగుతారు. బోటు పూర్తిగా కట్టేసి, కళాసీ (బోటు పనివాడు) చెయ్యి అందించేదాకా లేవకండి. బోటుకీ గట్టుకీ మధ్య పాదం పడితే ఎముక నుజ్జవుతుంది. బల్ల మీద ఒక్కసారి ఒక్కరే నడవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మెట్లు ఎక్కలేకపోతే బోటులోనే ఉండొచ్చు, నీటి పక్కన వాళ్లను ఒంటరిగా వదలకండి.

గోదావరిలో బోటు ప్రమాదం ఎంత ఆలోచించాలో ఇసుక మేటల దగ్గర స్నానం గురించీ అంతే ఆలోచించాలి. మేట మీద మోకాలి లోతు నీళ్లుంటాయి. పది అడుగులు నడిస్తే నడుము లోతు. ఆ తర్వాతి అడుగుకు కింద నేల ఉండదు. ప్రవాహం మేట అంచును నిట్టనిలువుగా కోసేస్తుంది, పైనుంచి చూస్తే అంతా ఒకే రంగు. అంచున నిలబడితే పాదం కింది ఇసుక జారిపోయి మనిషిని లోపలికి లాగుతుంది. ఈత వచ్చినవారు కూడా ఇక్కడే పోతారు. కాళ్లు కడుక్కోవాలంటే కూర్చుని చెంబుతో కడుక్కోండి.

కొల్లూరు వెదురు గుడిసెల్లో రాత్రి ఉండాలనుకునేవారు శాలువా, నిండు చేతుల చొక్కా, దోమల మందు తీసుకెళ్లాలి. ఇది ఏజెన్సీ ప్రాంతం, మలేరియా ఉంది. తిరిగొచ్చాక నెల లోపు జ్వరం వస్తే డాక్టరుకు ఎక్కడికి వెళ్లొచ్చారో చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. బొంగు చికెన్ కొంటే లోపలి ముక్క చీల్చి చూడండి, ఎముక దగ్గర ఎరుపు కనిపిస్తే మళ్లీ నిప్పుల మీద పెట్టమనండి.

దిండి హౌస్‌బోటు: రాత్రి బస విషయాలు

ఇక్కడ ప్రవాహం భయం తక్కువ, ఇల్లు నీళ్ల మీద ఉండటం వల్ల వచ్చే చిక్కులు ఎక్కువ. బోటు ఎన్ని గంటలు తిరుగుతుందో, ఎప్పుడు కట్టేస్తారో ముందే అడగండి. రాత్రంతా నది మీద తేలుతూ పోతామనుకుని వచ్చేవారు నిరాశపడతారు. ఏసీ జనరేటరు మీద నడుస్తుందా, ఒడ్డు కరెంటు మీదా, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అన్నదీ తేల్చుకోండి. జనరేటరు పొగ పడకగది కిటికీ వైపు వస్తుంటే నిద్రపోకండి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలనొప్పి, వాంతి వస్తున్నట్టు ఒకేసారి ఇద్దరు ముగ్గురికి అనిపిస్తే వెంటనే బయటి గాలిలోకి వచ్చేయండి.

కమ్మీల మధ్య సందు చూడండి, పిల్లవాడి తల పట్టేంత ఉంటే వాళ్లను వరండాలో వదలకూడదు. రాత్రి తలుపు గడియ పిల్లలకు అందని ఎత్తులో వేయండి. సాయంత్రం ఎక్కినప్పుడు తిన్నగా ఉన్న బల్ల తెల్లవారుజామున ఏటవాలుగా ఉండొచ్చు, పోటు పాటులకు బోటు లేస్తుంది, దిగుతుంది. నిద్రమత్తులో అలవాటు కొద్దీ అడుగేయకుండా లైటు వేసి చూసి దిగండి.

వంట గురించి ఒక మాట. కోనసీమ రొయ్యలు, పీతలు తినండి, హాయిగా తినండి. పులస మాత్రం వరద రోజుల చేప, సముద్రంలో విలసగా ఉన్నది ఎర్ర నీటికి ఎదురీది వచ్చి పులస అవుతుంది. పుస్తెలమ్మైనా తినమన్న చేపే గానీ, జనవరిలో తాజా పులస అని పెడితే అది వేరే ఏదో.

కోరంగి: పాటుపోట్ల లెక్క

పోటు నుంచి పాటుకు ఆరు గంటలకు కొంచెం ఎక్కువ పడుతుంది, రోజురోజుకూ యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీరు ఎక్కువగా ఎక్కి ఎక్కువగా దిగుతుంది. పాటు సమయంలో కాలువలు బురదగా మారతాయి, బోటు ఆగిపోతుంది. ఆగితే పోటు వచ్చేదాకా కూర్చోండి. బురదలోకి దిగి తోయబోతే మోకాలి పైదాకా కూరుకుపోతారు, మడచెట్ల ఊపిరివేర్లు గుచ్చుకుంటాయి.

సముద్రం వైపు వెళ్లే బోటు పొద్దున్నే ఎక్కండి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తుంది, అప్పుడే నీరు బయటికి తీస్తుంటే గాలీ నీరూ ఎదురుబొదురై అలలు నిలువుగా లేస్తాయి. వాంతులు వచ్చేది ఇక్కడే. అలవాటున్నవారు డాక్టరును అడిగి అవోమిన్ లాంటి మాత్ర ఎక్కడానికి గంట ముందు వేసుకోవాలి. అది నిద్ర తెప్పిస్తుంది, తిరిగి వచ్చాక బండి నడపొద్దు. రెండేళ్ల లోపు పిల్లలకు అసలు వేయకూడదు. ఖాళీ కడుపు, నిండు కడుపు రెండూ వద్దు. రెండు ఇడ్లీలు తిని, ఫోను చూడకుండా దూరంగా నీరూ ఆకాశం కలిసేచోట చూపు నిలపండి, అల్లం ముక్క బుగ్గన పెట్టుకోండి. తుపాను కాలంలో కాకినాడ పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే ఆ రోజు కోరంగి ఊసే వద్దు.

పంటు

కారు పంటు ఎక్కకముందే అందరూ దిగిపోవాలి, డ్రైవరు ఒక్కడే అద్దాలు దింపి, సీటు బెల్టు తీసి లోపలికి తేవాలి. బండి స్టాండు వేసి, ఇంజను ఆపి, పక్కన నిలబడండి. చక్రాల వెనక, గొలుసు ఉన్న అంచు దగ్గర నిలబడొద్దు.

ఏదైనా జరిగితే

బోటు ఒరిగితే ఎదుటి పక్కకు పరుగెత్తకండి. అందరూ ఒక్కసారి అటు పరుగెడితే అటు తిరగబడుతుంది. ఉన్నచోటే కిందికి కూర్చుని, జాకెట్ పట్టీ చూసుకుని, పిల్లల చెయ్యి పట్టుకోండి. పైకప్పు కింద ఉన్నవారు కిటికీ వైపు జరగాలి. బోటు పూర్తిగా తిరగబడితే జాకెట్ మిమ్మల్ని కప్పుకే అదిమిపెడుతుంది, కాబట్టి నీరు లోపలికి వస్తోందని తెలియగానే బయటపడాలి. మంటలు లేస్తే గాలి ఎటు నుంచి వస్తోందో ఆ వైపుకు చేరండి, పొగ అటు రాదు.

నీళ్లలో పడ్డాక ప్రవాహానికి ఎదురీదకండి. వెల్లకిలా తేలండి, పాదాలు దిగువ వైపుకు, వేళ్లు నీటి పైకి. బండకు తగిలితే పాదాలు తగలాలి, తల కాదు. అలా పోతూనే ఏటవాలుగా గట్టు వైపుకు చేతులతో జరగండి. ముగ్గురు నలుగురు ఉంటే ఒకరి జాకెట్ ఒకరు పట్టుకుని మధ్యలో పిల్లలను పెట్టుకోండి. గుంపును వెతికి తీయడం తేలిక. విజిలు ఉంటే ఊదండి, అరుపు కంటే దూరం వినిపిస్తుంది. ఒడ్డున ఉన్నవారు ఈత రాకుండా దూకకండి. తాడు, వెదురు గెడ, మూత బిగించిన ఖాళీ క్యాను, ఏది దొరికితే అది విసరండి. సిగ్నలు ఉంటే 112కు ఫోను చేసి ఊరి పేరు, ఏ గట్టు, ఎంతమంది అన్న మూడు మాటలు ముందు చెప్పండి.

ప్రయాణం మామూలుగానే ముగిసినా ఒక పని మిగిలి ఉంటుంది. మీలో ఎవరైనా కొల్లూరులో ఆగిపోయినా, వేరే బోటులో తిరిగొచ్చినా, పోచవరం వైపు రోడ్డు మీద వెళ్లిపోయినా ఆ సంగతి సరంగుకీ రేవులోని కంట్రోల్ రూముకీ చెప్పి, జాబితాలో పేరు సరిచేయించండి. లెక్కలో ఒక్కరు తగ్గినా చీకట్లో బోట్లు వేసుకుని వెతకాల్సి వస్తుంది.